మా ఇంటి గొడవ, ఫోన్ చేసినవాళ్ళందరికీ

ఇంటిని పద్ధతిగా నడుపుకోవాలని ముచ్చటపడే మగవాళ్ళు ఇది తప్పకుండా చదవాలి. చదివి, ఆ ముచ్చట మానుకోవాలి. ఒకే ఒక్క బటన్ నొక్కి నేను మా ఆవిడ ఉద్యోగానికి ఎసరు పెట్టాను, అత్తగారికి శత్రువునయ్యాను, కంచరపాలెం నుంచి పోర్టు గేటు దాకా పరువు పోగొట్టుకున్నాను. తలుచుకుంటే సిగ్గేస్తుందేమో అనుకుంటున్నారా? లేదండీ, ఒళ్ళు మండుతుంది. ఎందుకో వినండి.

తొంభైల నాటి మాట. నేను పోర్టు ఆఫీసులో గుమస్తాని. కంచరపాలెంలో మేడమీద అద్దె ఇల్లు. మా ఆవిడ సత్యవతి స్కూల్లో టీచరు. బాబు పుట్టాక పెట్టిన సెలవు అయిపోవస్తోంది. సోమవారం వచ్చి చేరకపోతే వేరేవాళ్ళను పెట్టుకుంటామని స్కూలువాళ్ళు ముఖం మీదే చెప్పేశారు. మా అత్త నూకాలమ్మ వచ్చి పిల్లాణ్ణి చూసుకుంటేనే సత్యవతి గడప దాటగలదు. అత్త భీమిలి దగ్గర రేవులో చేపలమ్ముతుంది. ఎప్పుడొచ్చేదీ బూత్ నుంచి ఫోన్ చేసి చెబుతానంది.

చిక్కల్లా ఆ ఫోనుతోనే. అది మోగితే పిల్లాడు లేస్తాడు, పిల్లాడు లేస్తే వీధి లేస్తుంది.

ఆ రోజుల్లో నాకు వారపత్రికల్లో వచ్చే సంసార చిట్కాల పిచ్చి ఉండేది. పప్పుల డబ్బాలకు పేర్లు అంటించాను. స్నానాలకు టైంటేబుల్ రాసి గోడకు తగిలించాను. దాని ప్రకారం స్నానం చేసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకోండి, అది వేరే సంగతి. అలాంటివాడి చేతికి మా సెక్షన్ అప్పల్రాజు ఒక నల్ల పెట్టె తెచ్చిచ్చాడు.

"ఓడ మీదొచ్చిన సరుకు బావా! ఫోనొస్తే ఇదే మాటాడ్తాది. అవతలోళ్ళు సెప్పింది ఇదే దాసుకుంటాది. నువ్వూ మా సెల్లీ హాయిగా తొంగోండి."

పెట్టె మీద రాతలన్నీ ఏ దేశానివో. ఫోను గంట ఆపేశాను, పెట్టె గొంతు తగ్గించేశాను, ఒక బటన్ నొక్కి రేడియోలో వార్తలు చదివినట్టు అందుకున్నాను: "నమస్కారం. ప్రస్తుతం మేము మాట్లాడే స్థితిలో లేము. దయచేసి మీ సందేశాన్ని తెలియజేయగలరు." తర్వాత మొదటి ముక్క వేసుకుని విన్నాను. అబ్బ, నా గొంతే! అక్కడితో చాలనుకుని ఆపేశాను.

పూర్తిగా వినాల్సింది.

ఆ పెట్టెలో ఎర్రదీపం మాత్రం మినుకుమినుకుమంటూ ఉండేది. పని చేస్తోందన్నమాట అనుకున్నాను. వారమంతా ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను. కానీ అత్త నుంచి కబురు లేదు.

బయట మాత్రం ఏదో జరుగుతోంది. కిళ్ళీకొట్టువాడు నన్ను చూసి నవ్వాడు. కింది వాటా ఇల్లుగలాయన "ఏం గుమస్తాగారూ, ఆఫీసర్లు వచ్చారా?" అని అడిగాడు. ఏ ఆఫీసర్లు?

శనివారం ఆఫీసులో నలుగురికీ నా యంత్రం గొప్ప చూపిద్దామని మా ఇంటికే ఫోన్ కలిపాను. "నమస్కారం. ప్రస్తుతం మేము..." ఛాతీ పొంగింది. సందేశం చెబుదామని గొంతు సవరించుకున్నాను. పెట్టె ఆగలేదు. సత్యవతి గొంతు వచ్చింది.

"అమ్మంపిన నెత్తళ్ళ సంచి ఏదండీ?"

"పక్కింటోళ్ళకి ఇచ్చీసినాను. ఆ ఎండుసేపల కంపుకి ఇంట్లో ఉండగల్నా? ఈ పాలి మీ అమ్మని ఉత్త సేతుల్తో రమ్మని సెప్పు. ఆఫీసర్లొత్తే ఏటనుకుంతారు?"

"మనింటికి గేసు బండోడు తప్ప ఏ ఆఫీసరొచ్చాడు? నువ్వు ఆ రేవులో పుట్నోడివి కాదేటి?"

ఆ రోజు నా నమస్కారం అయ్యాక నేను పెట్టెను ఆపనేలేదన్నమాట; వెంటనే మేం పడ్డ పోట్లాటంతా, పిల్లాడి ఏడుపుతో సహా, అందులో ఎక్కేసింది. తల తిప్పి చూద్దును కదా, అప్పల్రాజు పెదాలు కదులుతున్నాయి. ఒక్క ముక్క పొల్లుపోకుండా వాడికి కంఠతా వచ్చు!

"ఓరి, నీకు ముందే తెల్సా?"

"తెలకపోడమేటి బావా? సెక్షనంతా రోజూ టీ టైమ్‌లో మీ ఇంటికి ఫోన్ సేసి ఇంటన్నాం."

"మరి సెప్పలేదేట్రా?"

"సెప్తే నువ్వు మార్చీసీవోడివి గదా!"

చూశారా న్యాయం? నా ఇల్లు, నా గొంతు, నా సంసారం. ఊరంతా వింటోంది, నాకొక్కడికే తెలియదు.

పరుగున ఇంటికొచ్చి, గొంతు పెంచి, కనబడ్డ బటనల్లా నొక్కాను. చివరికి పెట్టె నోరు విప్పింది. సగం సందేశాలు ఉత్త నవ్వులు. మధ్యలో అత్త గొంతు. మేమిద్దరం నిజంగానే అప్పుడే పోట్లాడుకుంటున్నామనుకుంది పాపం.

"ఒసే సత్తీ, ఊరుకోవే! మొగుడితోటి ఏటే ఆ మాటలు! బాబూ, నువ్వైనా ఆగు! ఎవులూ నా మాట ఇనుకోరేటి!"

తర్వాతి సందేశంలో ఆమెకు సంగతి అర్థమైపోయింది. "నా సేపలు కంపయితే నానూ కంపే. ఆ ఇంటికి నాను రాను."

సత్యవతి పిల్లాణ్ణి భుజాన వేసుకుని నిలబడిపోయింది. "సోమారం నాను చేరకపోతే ఉద్యోగం పోద్ది. ఈ పెట్టెని పంపుతావా స్కూలుకి?" అంది. ఏడుస్తోంది. రేవుకెళ్ళి కాళ్ళు పట్టుకుందామని చొక్కా తొడుక్కుంటుంటే, పెట్టె ఇంకోసారి 'కుయ్' అంది.

"సత్తీ, గుంటడు ఇంకా ఏడుత్తన్నాడేటే? సోమారం తెల్లారి మొదటి బస్సుకి దిగుతాను. నీ కోసమూ, గుంటడి కోసమూ. అల్లుడి కోసం కాదు. రెండు బుట్టల నెత్తళ్ళు తెత్తన్నాను. కంపయితే ఆయన్ని మేడ మెట్ల మీద తొంగోమను."

అన్నట్టే దిగింది. సత్యవతి సమయానికి బడికెళ్ళింది. అత్త నాతో పలకలేదు. పిల్లాణ్ణి చంకనేసుకునే నెత్తళ్ళ ఇగురు వండి, కంచం నా ముందు ఠంగున పెట్టింది. తిన్నాను. అడిగి మళ్ళీ వేయించుకున్నాను. గిన్నె అడుగు గీరాను. "ఇలాంటి ఇగురు మా అమ్మ కూడా వండలేదత్తా" అని నిజమే చెప్పాను.

ఆ ముక్క మాత్రం ఏ పెట్టే దాచుకోలేదు! ఊళ్ళో ఒక్కడైనా విన్నాడా? చెడ్డమాటకు అంత పని చేసిన యంత్రం మంచిమాటకు గోడకేసి చూస్తూ కూర్చుంది.

అందుకే, ఆ ఖాళీ గిన్నె మీద ప్రమాణం చేసి చెబుతున్నాను: ఇక ఈ జన్మలో ఎర్రదీపం వెలిగే ఏ వస్తువు ముందూ అత్తగారి ఊసెత్తను. మా ఫ్రిజ్‌కీ ఒక ఎర్రదీపం ఉంది. దాని ముందు మంచినీళ్ళు కూడా సైగచేసే అడుగుతున్నాను.