సంచిలో తెచ్చిన నూగు

ఒహాయోలో ఓ ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఏళ్లు పనిచేసిన ఒర్లీన్‌కు, ఇంటింటికీ తిరిగి గొట్టాలు శుభ్రం చేసేవాళ్లంటే మహా చులకన. బట్టలు ఆరబెట్టే తన డ్రయ్యర్ గొట్టాన్ని ఏటా తనే పొడుగాటి బ్రష్షు పెట్టి తోముకునేది. ఈ ఏడు మోకాళ్లు మొరాయించడంతో మనసు చంపుకుని గొట్టాలు తోమే ట్రావిస్‌ను పిలిచింది.

అతగాడు నేలమాళిగలో పావుగంట మిషనుతో రొద పెట్టి, బట్టల నుంచి రాలే నూగు సంచెడు తెచ్చి ఆమె కాళ్ల దగ్గర కుమ్మరించాడు.

"చూశారా అమ్మా! ఇంకో వారమైతే ఈ నూగు రాజుకుని కొంప అంటుకునేది. ఇంట్లోని గాలి గొట్టాలు కూడా శుభ్రం చేయించాల్సిందే."

ఒర్లీన్ చిటికెడు నూగు తీసి వేళ్ల మధ్య నలిపింది.

"గులాబీ రంగు తువ్వాలు పోగులు, ఎర్ర కుక్క వెంట్రుకలు. నా తువ్వాళ్లన్నీ తెల్లవి. కుక్కంటావా, నాకు లేనేలేదు. ఇది ఎదురింటి మార్వా వాళ్లది. పొద్దున అక్కడే కదూ పని వెలగబెట్టావు?"

ట్రావిస్ ఖాళీ సంచిని వెనక్కి దాచాడు.

"ఊరందరి దుప్పట్లూ చూసినదాన్ని. తాతకే దగ్గులు నేర్పుతావా? ముందు ఇదంతా ఎత్తు, ఒక్క పోగు మిగలకూడదు. తర్వాత ఆ బ్రష్షు పట్టుకో. గొట్టం ఎలా తోమాలో నేను చెబుతా."