నిదానం బిగించిన చక్రం

మా బావను వర్క్‌షాపులో అందరూ నిదానం అని పిలిచేవారు. విమానాల చక్రాలు బాగుచేసే మెకానిక్ ఆయన. బిగించిన మరను వదులు చేసి మళ్లీ బిగిస్తే గానీ మనసొప్పదు. భోజనానికి కూర్చున్నా అంతే. ఆయన లేచేసరికి మేము గిన్నెలు కడిగేసి టీవీ ముందు చేరేవాళ్లం.

మా అక్క అదే వర్క్‌షాపులో సీట్ల కవర్లు కుట్టేది. ఇంటికి సరిపడా నోరు నాకే ఇచ్చాడు దేవుడు, ఆవిడకు ఇవ్వలేదు. ఒక్క బావ కిరసనాయిలు వాసనతో వచ్చినప్పుడు మాత్రం, ముందు స్నానం, తర్వాతే మాటలు అని గుమ్మంలోనే ఆపేసేది.

ఆ వర్క్‌షాపులో ఒక ఆనవాయితీ ఉంది. చక్రం బాగుచేసినవాడే, ఆ తర్వాత విమానం చేసే మొదటి ప్రయాణంలో ఎక్కాలి. తన పని మీద తనకు నమ్మకముందని చూపించడమన్నమాట. ఎవడు పెట్టాడో గానీ వాడి మొహం మండ. ఒక విమానం ముక్కు కిందుండే ముందు చక్రం బాగుచేసిన బావ కూడా అలాగే ఎక్కాడు.

విమానం దిగబోతుంటే, ముందు చక్రం కిందికి దిగిందని పైలట్‌కు చెప్పే దీపం వెలగలేదు. చాలాసేపు ఆకాశంలోనే చుట్లు తిరిగారు. ఇంధనం అడుగంటుతుంటే వానలోనే అత్యవసరంగా దించారు. విమానం రన్‌వే దాటిపోయి గోడను గుద్దుకుంది. వెనక కూర్చున్నవాళ్లు చాలామంది బయటపడ్డారు. ముందు వరుసల్లో ఉన్నవాళ్లు బయటపడలేదు, వాళ్లలో బావ ఒకడు.

ఇక టీవీల్లో కారణాల మీద కారణాలు. గాలి అన్నాడొకడు, పక్షి అన్నాడొకడు, పైలట్ కంగారు అన్నాడింకొకడు. మా వీధికి మాత్రం ఒక్కటే కారణం, చక్రం. విచారణలోనూ అదే తేలితే, అంతమంది చావూ బావ నెత్తినే పడుతుంది. కూరగాయల కొట్టు దగ్గర ఒకావిడ, అంత నిదానంగా చేసి ఏం లాభమని మూతి విరిచింది. నాకు ఒళ్లు మండి నోటికొచ్చినట్టు దులిపేశాను. నాతో వచ్చిన అక్క మాత్రం సంచి పట్టుకుని తన దారిన ఇంటికి నడిచింది. ఒక్క మాట అనొచ్చు కదా అని అక్క మీద కూడా కోపమొచ్చింది.

అక్క పని మానలేదు. కానీ భోజనాల వేళ ఎవరితోనూ కూర్చోవడం లేదని తెలిసి, ఒకరోజు నేనే వెళ్లాను. విమానాలకు ఇంధనం పోసే బండి పక్కన కళ్లు మూసుకుని నిలబడి ఉంది. డ్రైవరు పక్కకు జరిగి చోటిచ్చాడు. అదే కిరసనాయిలు వాసన. ఆ వాసనకే మొహం వాచిపోయి ఉంది మా అక్క. తిట్టడానికి వెళ్లినదాన్ని ఏడ్చుకుంటూ తిరిగొచ్చాను.

చివరికి విచారణ అధికారి చనిపోయినవాళ్ల కుటుంబాలను ఒక హాల్లో కూర్చోబెట్టి చెప్పాడు. చక్రం సరిగ్గానే దిగిందట, గట్టిగానే నిలిచిందట. పాడైంది దీపం. దాన్ని నమ్మి ఇంధనమంతా తగలేసుకున్నారు. ఆ తొందరలో, వెనక నుంచి గాలి తోస్తుండగా, మామూలుకన్నా వేగంగా వచ్చి, తడి రన్‌వే మీద సగం దాటాక నేల తాకారు. ఆగడానికి చోటు చాలలేదు.

నేను అక్కను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. బావ తప్పు లేదు, విన్నావా అని ఊపేశాను. పోయి వీధిలో ఒక్కొక్కరి మొహం మీదా చెప్పాలని నా ఆరాటం. అక్క మెట్ల మీద కూర్చుండిపోయింది.

"వాళ్లు చెప్పకముందే నాకు తెలుసు," అంది. "ఆ చక్రం బిగిస్తున్న రోజు ఫోన్ చేశాను. డ్యూటీ అయిపోయింది కదా, సగంలో వదిలేసి వచ్చెయ్యండి, మిగతాది రేపు ఎవరో ఒకరు చూసుకుంటారు అన్నాను. లేదు, చక్కగా కుదిరింది, పూర్తిచేసే వస్తానన్నారు."

పక్కన కూర్చున్నాను.

"పని బాగా చేశారు కాబట్టే ఆ విమానం ఎగిరింది. ఆ ఒక్కరోజు పాడు చేసుంటే ఎంత బాగుండేది. తనిఖీలోనే పట్టుబడి విమానం కదిలేది కాదు. అందరూ ఆయన్ని నానా మాటలూ అనేవాళ్లు. తిట్లు తినైనా ఇంటికొచ్చేవారు కదే."