చుట్టి ఉంచిన మూరెడు

వెల్క్రో పట్టీని చర్రున లాగిన చప్పుడు వింటే ఇప్పటికీ నా వెన్ను నిటారవుతుంది. రమీజా అక్క వెనకే నిలబడి చూస్తున్నట్టుంటుంది. ఎర్రగుంట్ల పక్కన సిమెంటు ఫ్యాక్టరీలో సర్వర్ గది బాధ్యత ఆమెది. కేబుళ్లు పరిచే పనికి నన్ను తీసుకున్నది ఆమే. మాది కోసిగి. ఏటా మా వాళ్లు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలసపోతారు. ఈ ఉద్యోగం నిలవకపోతే నేనూ వాళ్లతో లారీ ఎక్కాల్సిందే. ఎక్కకూడదని పంతం పట్టి వచ్చాను.

సర్వర్లు బిగించే ఇనుప రాక్ మొదటిసారి నాకప్పగించినప్పుడు ప్రతి కేబులునూ సరిగ్గా కొలిచి కత్తిరించి, కోస్తే తప్ప ఊడని ప్లాస్టిక్ టైలతో బిగించేశాను. నున్నగా దువ్విన జడలా ఉందని మురిసిపోయాను. అక్క వచ్చింది, చూసింది, కట్టర్ తీసి టైలన్నీ టపటపా కోసేసింది.

"ఏమ్మే, వీటికి ఉరేసినావా? మళ్లా కొత్తవి పరుచు. ఒక్కోదానికి రెండు మూరలు ఎక్కువ పెట్టి, పైన ట్రేలో చుట్ట చుట్టి వెల్క్రో పట్టీ ఎయ్యి."

"అంత ఎందుకక్కా? దండగ గదా!"

"రేపు ఎవరో వచ్చి ఈ రాక్‌ను పక్కకు జరపాల్సొస్తే? వాళ్లు నిన్ను తిట్టుకోగూడదు."

ఆ సాయంత్రానికే పని ముగియాలన్న మేనేజరు తలుపు దగ్గరే మండిపడ్డాడు. "ఈ పిల్లతో కాదమ్మా, పంపించేయ్."

అక్క తలైనా ఎత్తలేదు.

"ఈ పని ఈ పిల్ల చేతనే చేయిస్తా సార్. ఈ పిల్ల పోతే నేనూ పోతా."

ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నాకు ఏడుపు ఆగలేదు. "కళ్లు తుడుచుకోమ్మే, నంబర్లు కనపడవు" అంటూ కేబుల్ కొసలకు అంటించాల్సిన చీటీలు నా చేతిలో పెట్టింది. వేళ్లు బొబ్బలెక్కినా వదల్లేదు నేను. ఉద్యోగం నిలిచింది.

అక్క ఇప్పుడు లేదు. ఆ గది బాధ్యత నాది. పోయిన వారం కొత్త ఏసీకి చోటు కావాలని ఆ రాక్‌నే పక్కకు జరపమన్నారు. ఒక్క కేబుల్ చాలకపోయినా కొత్తది లాగాలి, అంతసేపూ ఫ్యాక్టరీ ఆగాలి. నిచ్చెనెక్కి పైన ట్రే మూత తీశాను. సిమెంటు దుమ్ము కింద నా చుట్టలు అలాగే ఉన్నాయి. పట్టీలు ఒక్కొక్కటే చర్రున లాగి వదులు చేస్తుంటే, కింద రాక్ మెల్లగా జరిగింది. ఒక్కటీ కురచ కాలేదు. అక్క ఎంతగా గుర్తొచ్చిందంటే, అందరి ముందే "అందినాయక్కా" అని పైకే అనేశాను.

"ఇంకా మూరెడు మిగిలిండాది మేడం, కోసేద్దామా?" అన్నాడు నిచ్చెన పట్టుకున్నాయన.

"వద్దప్పా, ఎవరో వస్తారు" అని, ఆ మూరెడునూ చుట్టి పట్టీ వేశాను.