అత్త గది

ఎదురు స్థలంలో ఇవాళ సున్నంతో గదులు గీస్తున్నారు. మన చిన్నప్పుడూ అంతే కదా, ఇల్లు ముందుగా నేల మీదే కనబడేది!

అరవైల చివర శ్రీకాకుళంలో నాన్న మూడు గదులు గీశాడు. ఒకటి నాకూ, మా దగ్గరే ఉండే మేనత్తకూ. రోజూ ఆ గీతల మధ్య చాప వేసుకుని కూర్చునేవాళ్లం. మేస్త్రీ ఖర్చు చెప్పాక నాన్న తలవంచుకుని మా గదిని కాలితో చెరిపేశాడు.

అత్త అంది: "నాకు గదెందుకురా తమ్ముడూ? ముందు పెంకులేయించు. నాను పొందూరు ఎల్లిపోయి నూలొడుక్కుంటాను."

"నానూ వస్తానత్తా!"

"ఒసే, బడి మానేస్తావేటి?"

గృహప్రవేశానికి అత్త చుట్టంలా వచ్చింది. గుమ్మానికి పసుపు రాసి, భోంచేసి, సాయంత్రం బస్సెక్కింది. బస్సు కదిలాక నాన్న నా చెయ్యి పట్టుకుని, "ఇంటికెల్దాం రా" అన్నాడు.

ఏ ఇంటికో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు.