లైటుకు పెట్టిన బొట్టు

కిందటి వేసవిలో మావారూ నేనూ నరసాపురం నుంచి కాకినాడలో పెళ్ళికి కారులో బయలుదేరాం. టైరులో గాలి తగ్గిందని డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. ఆయన ఆపి చూద్దామన్నారు.

"నిన్ననే గాలి కొట్టించాం కదండీ! ఆ సెన్సారుకే పిచ్చి. ముహూర్తం దాటిపోతుంది, పదండి" అని వాదించి, పర్సులోంచి బొట్టుబిళ్ళ తీసి ఆ లైటు కనబడకుండా అంటించేశాను.

కాలువ గట్టు మీద కారు ఒక్కసారిగా ఎడమకు, నీళ్ళవైపు లాగేసింది. ఆయన ఎలాగో ఆపేసరికి చక్రం ముందు జానెడు గట్టే మిగిలింది. దిగి చూస్తే టైరులో మేకు!

"రోజూ నా నోరు మూయిస్తావు, సరే. దాని నోరు కూడా మూసేశావేంటే!" అన్నారాయన.

బతికిపోయామన్న సంతోషంలో వెళ్ళి బొట్టుబిళ్ళ పీకాను. లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. నాకంటే మొండిది! అప్పటినుంచీ దానితో మాత్రం వాదన పెట్టుకోను.