మల్లయ్య కాక నటించలేదు

బొగ్గుల పొయ్యి పొగ ముక్కుకు తగలగానే, మిఠాయి డబ్బాతో వీధి మొదట్లోనే ఆగిపోయాను. నర్సింగ్ డిగ్రీ పాసయ్యాను! మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. ఉద్యోగం కూడా వచ్చేసింది! ఈ కబురు అందరికన్నా ముందు చెప్పాల్సిన మనిషి మాత్రం లేడు. పొద్దున్నే వాకిట్లో పొయ్యి రాజేసి, ఆ పొగలోంచే వీధినంతా పలకరించే మా పక్కింటి మల్లయ్య కాక.

నన్ను హాస్టల్‌కు పంపడానికి నాన్న ఒప్పుకోలేదు. "ఆడివిల్ల ఒక్కతే ఎట్లుంటది తమ్మీ?" అన్నాడు. కాక నవ్వాడు. "దినాం బాయిలకు దిగెటోనివి, నీకు హాస్టలంటే భయమా అన్నా? అండ్ల పైకప్పన్న గట్టిగుంటది గద!" గోదావరిఖనిలో బొగ్గు గనిని బాయి అంటాం. నాన్నకూ నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే నా చదువు మొదలైంది.

నేను మొదటి సంవత్సరంలో ఉండగా కాక గుండె బలహీనపడింది. కాళ్ళు ఉబ్బేవి, నాలుగడుగులకే ఆయాసం. గని పైన తేలిక పని ఇచ్చారు. కొన్నాళ్ళకు మరుపు మొదలైంది. సెలవు రోజున టిఫిన్ కట్టించుకుని డ్యూటీకి పోయాడు. ఏళ్ళ తరబడి తనతో గనిలో దిగిన సత్తయ్య పేరు నోటికి రాక చాయ్ హోటల్లో తడబడ్డాడు.

సత్తయ్య ఊరుకోలేదు. "ఏందే మల్లన్నా, అన్‌ఫిట్ కోసం ఇప్పటిసంది రిహార్సలా? కొడుక్కు నౌకరి పక్కా!"

హోటలంతా నవ్వింది. పని చేయలేనంత జబ్బని డాక్టర్లు తేల్చితే మా దగ్గర కొడుక్కు ఉద్యోగం దొరుకుతుంది. అందుకే నిజమైన రోగాన్నీ అనుమానంగా చూస్తారు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఉబ్బిన కాళ్ళను నమ్మినవాళ్ళు మరుపును మాత్రం నాటకమన్నారు!

సెలవులకు ఇంటికొచ్చినప్పుడు దవాఖానకు నేనే తోడు వెళ్ళాను. వెనక వరుసలో గనివాళ్ళు నిలబడి ఉన్నారు. అందరికీ వినబడేలా డాక్టర్ అడిగాడు, "మరుపు ఏమైనా ఉందా?"

"లేదు సార్."

బయటికి రాగానే నిలదీశాను. "ఎందుకు జెప్పలే కాకా?"

"జెప్తే దొంగనైత బిడ్డా. పోరని నౌకరి కోసం నాటకమాడిండంటరు. గా మాట నేను పడ." నేను లోపలికి వెళ్ళి చెబుతానంటే, చెప్పొద్దని ఒట్టు పెట్టాడు.

మాత్రలు వేసుకున్నాననుకునేవాడు. వేసుకునేవాడు కాదు. చిన్నమ్మ గుర్తు చేస్తే, భార్య కూడా తనను అనుమానిస్తోందని కసురుకునేవాడు. ఒంట్లో నీరు నిండి, ఊపిరాడక ఆ వానాకాలంలో పోయాడు. తర్వాత ఒకరోజు క్లాసులో మేడమ్ చెప్పింది: గుండె బలహీనపడితే మెదడుకు రక్తం చాలక కొందరికి జ్ఞాపకం, ధ్యాస తగ్గుతాయని, అలాంటివాళ్ళ మందులు ఇంటివాళ్ళే చూసుకోవాలని. ఇంత చిన్న మాట! మా వీధికి ఎవరూ ఎందుకు చెప్పలేదు?

ఇవాళ సత్తయ్యకూ మిఠాయి ఇచ్చి ఆ మాట చెప్పాను.

"గప్పుడు మాకెర్కనా బిడ్డా?" అన్నాడు.

"ఎర్కలేకుంటే అడగాలె కాకా. నవ్వుతరా?"

మిఠాయి నోట్లో పెట్టుకోలేక తల దించుకున్నాడు. జాలి కలగలేదు నాకు.

సోమవారం నుంచి గుండె జబ్బుల వార్డులో నా డ్యూటీ. ఎవరినీ వరుసలో నిలబెట్టి మరుపుందా అని అడగను. పక్కన కూర్చుంటాను. మరుపు కూడా గుండె జబ్బు వల్లే రావచ్చని, నాటకం కాదని ముందు చెబుతాను. ఆ తర్వాతే అడుగుతాను.