గడప బయట నిలబడ్డ దొర

మొన్న మా మేనత్త పెద్దకర్మ భోజనాల దగ్గర, మాకు వేలువిడిచిన బాబాయి వరసయ్యే ఒకాయన పెరుగన్నం కలుపుకుంటూ ఒక మాట అన్నాడు. మా నాన్నకీ మేనత్తకీ ఆరేళ్ళపాటు మాటల్లేకపోతే తానే మధ్యన కూర్చుని రాజీ చేశాడట. పక్క విస్తళ్ళవాళ్ళు తలలూపారు. నేను మజ్జిగ బకెట్టు పట్టుకుని అక్కడే ఉన్నాను. కర్మనాడు తగువెందుకని ఊరుకున్నాను గానీ, ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. ఆ రాజీ కుదిర్చింది ఆయన కాదు. మనుషుల మెడ కొరికి రక్తం తాగే ఒక దొర. ఆ సంగతి దగ్గరుండి చూసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ముగ్గురమే. రాసిపెట్టకపోతే రేపటికి బాబాయి మాటే నిలుస్తుంది. అందుకని రాస్తున్నాను.

మాది నరసాపురానికి దగ్గర్లో కాలవ పక్కన ఉన్న ఊరు. తొంభైల చివరి మాట. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకోగానే మా వీధి ఆడవాళ్ళంతా ఎదురింటి పిన్నిగారి అరుగు మీద చేరి లేసు అల్లేవారు. చేతిలో సూది, ఒళ్ళో దారం ఉండ, నోటినిండా లోకాభిరామాయణం. నా లేసు ఎప్పుడూ వంకరపోయేది. అందుకని నాకు వేరే పని అప్పగించారు: చదివి వినిపించడం. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. ఆపేశారనడం ఇంకా నిజం. చదవడం మాత్రం నేను ఆపలేదు. పక్క ఊరి శాఖా గ్రంథాలయానికి సైకిలు మీద వెళ్ళి, ఎడమచేతి బీరువా పై అరలోంచి మొదలుపెట్టి, ఒక్క పుస్తకం వదలకుండా వరసగా చదువుకుంటూ వస్తున్నాను. నాకు ఏం కావాలో చెప్పేవాళ్ళు లేరు కాబట్టి అన్నీ కావాలనుకున్నాను. కుక్కల పెంపకం గురించి నన్నడిగితే ఇప్పటికీ గంటసేపు చెప్పగలను, మా ఇంట్లో ఎన్నడూ కుక్క లేకపోయినా.

ఆ వరసలో మూడో బీరువా కింది అరలో దొరికింది ఆ నవల. అట్ట లేదు, మొదటి రెండు కాగితాలూ లేవు. పేరేమిటో, ఎవరు రాశారో, ఎవరు తెలుగులోకి తెచ్చారో ఈ రోజుకీ నాకు తెలియదు. అంచుల్లో మాత్రం నాకంటే ముందు చదివినవాళ్ళ పెన్సిలు రాతలున్నాయి. ఒకరు "భయంకరం" అని, ఇంకొకరు "గర్భిణీ స్త్రీలు చదవరాదు" అని, ఆ కిందే మూడో చేతిరాతలో "అంతా అబద్ధం, నేను చదివాను, నాకేం కాలేదు" అని. లైబ్రరీ మాస్టారు ముద్ర వేస్తూ, "ఇది తీసుకెళ్ళినవాళ్ళంతా సగంలో తెచ్చి ఇచ్చేస్తున్నారమ్మా. నువ్వైనా ఆఖరుదాకా చూడు," అన్నారు. అంతకంటే గొప్ప బాధ్యత నాకెవరూ అప్పగించలేదు.

కథ చిన్నదే. మంచు కురిసే దేశంలో, కొండ మీది పాడుబడ్డ కోటలో ఒక దొర. చచ్చి వందేళ్ళయినా చావనివాడు. పొద్దువాలాక కొండ దిగి వచ్చి, ఊళ్ళో పాలు పోసే పిల్ల రక్తం తాగుతాడు. పిల్ల రోజురోజుకీ పాలిపోతుంది. అందరూ కొయ్యబారిపోతారనుకుంటూ గొంతు తగ్గించి మొదలుపెట్టాను. మా వీధివాళ్ళు కొయ్యబారలేదు. పిల్లకి రక్తం తక్కువైతే తల్లి ఏం చేస్తోందని ఎదురింటి పిన్నిగారు నన్నే నిలదీశారు. నర్సమ్మ ఇచ్చే ఎర్ర బిళ్ళలు ఆ దేశంలో ఇవ్వరా అన్నారు. రోజూ చేపల గంప దించి కాసేపు విని పోయే చేపలమ్మకైతే అసలు భయమే వేయలేదు. ఆవిడ ఆడబిడ్డ ఊడ్పులకి వెళ్తుందట, ఒక్కో మడిలో కాలికి నాలుగేసి జలగలట. "ఈడూ జలగే కదండి, కాకపోతే కోటేసుకున్నాడు. సున్నం రాత్తే ఊడిపోడా?" అంది. సున్నం సంగతి పుస్తకంలో లేదు, వెల్లుల్లి ఉందని చెప్పాను. అరుగంతా నవ్వింది. మన ఆవకాయ జాడీ మూత తీస్తే కొండ ఎక్కేదాకా వెనక్కి చూడకుండా పోతాడన్నారు. అయితే అది కార్తీకమాసం. పిన్నిగారు నెల పొడుగునా ఉల్లీ వెల్లుల్లీ ముట్టరు. ఆ సాయంత్రం చూస్తే వాళ్ళ గుమ్మానికి వెల్లుల్లి పాయల దండ వేలాడుతోంది. తినకూడదు గానీ కట్టకూడదని ఎక్కడా లేదు కదా అన్నారావిడ.

ఆ అరుగు మీద ఒక మూల, స్తంభానికి ఆనుకుని మా మేనత్త కూర్చునేది. ఇక్కడ ఆ తగువు సంగతి చెప్పాలి. అత్త మా నాన్నకి పెద్దక్క. తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచింది. అత్త కూతుర్ని మా అన్నయ్యకిచ్చి చెయ్యాలని వాళ్ళిద్దరూ ఉయ్యాలల్లో ఉండగానే అనుకున్నారు. తీరా వయసొచ్చాక ఆ పిల్ల నర్సు చదువు చదువుతానంది, తనతో చదివిన అబ్బాయిని చేసుకుంటానంది. అత్త కూతురి పక్షాన నిలబడింది. మాట తప్పావన్నాడు నాన్న. ఆ పెళ్ళికి వెళ్ళలేదు. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి తేవాల్సిన మేనమామ రాకపోతే, ఆ బుట్ట ఎవరో దూరపువాళ్ళు మోశారు. "నేను పిలిచేదాకా నా గడప తొక్కకు," అని నాన్న, "నువ్వు పిలిచేదాకా తొక్కనురా," అని అత్త. తరవాత మా అన్నయ్య పెళ్ళికి నాన్న ఎవరి చేతో శుభలేఖ పంపించి, బంధువులందర్నీ రమ్మన్నానన్నాడు. బొట్టు పెట్టి పిలవలేదని అత్త రాలేదు. అందర్నీ పిలిస్తే అందరూ వచ్చారు, తనకేం అడ్డమొచ్చిందని నాన్న. అలా ఆరేళ్ళు. అత్త రోజూ వచ్చి కూర్చునే అరుగుకీ మా వసారాకీ మధ్య ఒక వీధే అడ్డం. మా వసారాలో పడక్కుర్చీలో నాన్న, మొహానికి అడ్డంగా పేపరు. నేను చదివేది అక్కడికి బాగానే వినపడేది. ఆడవాళ్ళ పనికిమాలిన చదువులనేవాడు గానీ, నేను అరుగెక్కే వేళకి కుర్చీ మాత్రం వీధి వైపు తిరిగి ఉండేది.

ఒకరోజు ఈ ఘట్టం వచ్చింది. దొర పాలపిల్ల ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. వాడికి ఇరవైమంది బలం. అయినా లోపలికి అడుగు పెట్టలేడు. ఆ ఇంటివాళ్ళెవరైనా రమ్మనాలి, అది వాడికున్న కట్టుబాటు. అరుగు మీద మళ్ళీ నవ్వులు. మన వైపైతే వీడికి తిరుగు లేదు, కుక్కొచ్చి నిలబడ్డా రండి రండి అంటామన్నారు. అత్త మాత్రం సూది ఆపి అడిగింది. "పిలిచేదాకా అక్కడే నిలబడ్డాడా?"

నిలబడ్డాడని చెప్పాను.

"మంచులోనా? పాపం," అంది.

నేను వీధి అవతలకి చూశాను. నాన్న చేతిలో పేపరు, చాలాసేపటినుంచి పేజీ తిరగలేదు.

ఇక నేను చేసిన పని చెప్తాను. మర్నాడు చదవాల్సిన భాగంలో, పాలపిల్ల ఇంట్లో విందు జరుగుతుంది. తండ్రి గుమ్మంలోకి వచ్చి "అందరూ లోపలికి రండి" అంటాడు. దొర చక్కా లోపలికి వెళ్ళి కూర్చుంటాడు. పుస్తకంలో ఉన్నది అదీ. నేను చదివింది అది కాదు. కళ్ళు పేజీ మీదే ఉంచి, తండ్రి అందర్నీ పిలిచాడనీ, అందరూ వెళ్ళారనీ, దొర మాత్రం కదల్లేకపోయాడనీ, అందర్నీ పిలిచిన పిలుపు అతనికి చెల్లదనీ, ఫలానా నువ్వు రా అని పేరుపెట్టో వరసపెట్టో పిలిస్తే తప్ప ఆ గడప దాటలేడనీ, ఎవరో పిలుస్తారని తెల్లారేదాకా మంచులో నిలబడ్డాడనీ చదివేశాను. అందరూ అది పుస్తకంలో ఉన్నదే అనుకున్నారు. ఒక్క పిన్నిగారే అనుమానంగా, "దొరలకి కూడా వరసలుంటాయేంటే?" అన్నారు. ఉంటాయండి, వాళ్ళూ మనుషులే కదా అని, బీరువాల కొద్దీ చదివినదాన్ని కాబట్టి గట్టిగానే చెప్పాను. అత్త అల్లిన వరస విప్పి మళ్ళీ అల్లుకుంది.

మూడోనాడు వాయుగుండం పట్టింది. తూర్పు గాలి. పిన్నిగారి ఇల్లు తూర్పు మొహం కావడంతో జల్లు తిన్నగా అరుగు మీదికి కొట్టింది. దారం ఉండలు కొంగుల్లో దాచుకుని అందరూ లేచారు. మా వసారా పడమటి మొహం, చుక్క పడదు. నాన్న పేపరు దించి, "ఇటొచ్చి చదువుకోండమ్మా, అందరూ రండి," అన్నాడు. నేను, పిన్నిగారు, తక్కినవాళ్ళు వీధి దాటి వసారా ఎక్కేశాం. చేపలమ్మ గంప నెత్తిన పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది. వెనక్కి చూస్తే అత్త ఆ అరుగు మీదే ఉంది. స్తంభం చాటున నిలబడింది, చీర ఒక పక్కంతా తడిసిపోతోంది. మా అందరికీ తెలుసు ఎందుకో. గంప దించుకుంటూ చేపలమ్మే అంది.

"అయ్యగారండీ, అందరూ అంటే కుదరదంటండి. దొరగారు అక్కడే ఉండిపోయారు, సూడండి."

పిన్నిగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నాన్న చేపలమ్మ వంక చూడలేదు, నా వంక చూశాడు. ఆ చూపులో కోపం ఉందో లేదో నాకిప్పటికీ తెలియదు. లేచి, భుజం మీద తువ్వాలు సర్దుకుని, మెట్టు దిగి వానలోకి వెళ్ళాడు. వీధి మధ్యలో ఆగాడు.

"అక్కా, తడిసిపోతున్నావు. రా," అన్నాడు.

"ఎవర్నిరా?" అంది అత్త.

"నిన్నే అక్కా. నేనే పిలుస్తున్నా. మనింటికి రా."

అత్త అరుగు దిగింది. ఆవిడ మా మెట్టు దగ్గరికి వచ్చేసరికి, ఆరేళ్ళుగా కళ్ళతోనే పలకరిస్తూ వచ్చిన మా అమ్మ లోపల్నుంచి కుంకుమ భరిణెతో పరిగెత్తుకొచ్చి, ఆ వానలోనే వదినగారికి బొట్టు పెట్టింది. పెట్టిన బొట్టు పెట్టినట్టే కరిగి ముక్కు మీదుగా గడ్డం దాకా ఎర్రగా కారింది. "ఇప్పుడు అచ్చం దొరేనండి," అంది చేపలమ్మ. అత్త చేత్తో తుడుచుకుని, వేళ్ళ వంక చూసుకుని, మా గడప మీద కాలు పెడుతూ, "మెడ జాగ్రత్తరా తమ్ముడూ," అంది. నాన్న నవ్వాడు. నవ్వుతూనే తువ్వాలు తీసి ఆవిడకివ్వబోయి, ముందు తన కళ్ళు తుడుచుకున్నాడు.

నవల తక్కిన భాగమంతా మా వసారాలోనే అయింది. ఆఖర్న ఊరివాళ్ళు దొర గుండెల్లో మేకు దిగ్గొట్టి చంపేశారు. వసారాలో ఒక్కరు కూడా మెచ్చలేదు. "పిలిచినవాళ్ళు ఇంత అన్నం పెట్టి పంపాలి గానీ ఇదేం పని," అని పిన్నిగారు నొచ్చుకున్నారు. వెల్లుల్లి దండ కూడా ఆవేళే విప్పేశారు. ఆ మాఘమాసంలో అత్త కూతురు మూడేళ్ళ పాపతో వచ్చింది. నాన్న ధాన్యం గంప కడిగించి, పాపని అందులో కూర్చోబెట్టి, వీధి గుమ్మం నుంచి వంటింటి దాకా మోశాడు. రెండు రోజులు నడుం పట్టేసింది. నవల తిరిగివ్వడానికి వెళ్ళినప్పుడు, లేనిది చదివానని లైబ్రరీ మాస్టారి దగ్గర ఒప్పుకున్నాను. ఆయన ఆ ముక్క శుభ్రంగా ఒక కాగితం మీద రాసిమ్మని, జిగురుతో ఆ పేజీ పక్కనే అతికించారు. ఒక ఏడాది తరవాత చూస్తే దాని కింద ఎవరో పెన్సిలుతో "ఈ భాగం నమ్మదగినట్టు ఉన్నది" అని రాశారు. ఆ తరవాత ఆ పుస్తకం ఏమైందో తెలియదు.

ఇంతవరకూ వరసలతోనే చెప్పుకొచ్చాను. ఇప్పుడు పేర్లు పెట్టి పిలవాలి. పుస్తకం చేతిలో పెట్టిన లైబ్రరీ మాస్టారు సూర్యనారాయణ గారికి, అరుగు ఇచ్చిన వెంకటరత్నం పిన్నిగారికి, అందరూ దాచుకున్న మాట బయటికి అన్న చేపల నూకాలమ్మకి, భరిణె మరిచిపోని మా అమ్మ అన్నపూర్ణకి, వానలోకి దిగిన మా నాన్న సుబ్బారాయుడికి, పిలిచేదాకా ఓపిక పట్టిన మా మేనత్త మంగాయమ్మకి నా నమస్కారాలు. ఆరేళ్ళు మా అత్త ఒక్క పిలుపు కోసం వీధి అవతలే ఆగింది. కాలం మాత్రం ఏనాడూ ఎవరి పిలుపు కోసమూ ఆగలేదు. ఎవరూ రమ్మనకుండానే మా ఇంట్లోకి వచ్చి, నాన్న జుట్టు నెరిపించి, ముందు ఆయన్నీ, తరవాత అత్తనీ వెంటబెట్టుకుని, చెప్పకుండానే ఆ గడప దాటి వెళ్ళిపోయింది.